ఆ ఏడు మిరపకోతల్లో నా చూపు

"ఇది తాలా? ఇది తాలా అని అడుగుతున్నా. కళ్ళు నెత్తికెక్కినయ్యా నీకు?"

మా అత్త రెబ్కా నా ముందున్న కుప్పలోంచి ఎర్రటి మిరపకాయ ఒకటి తీసి నా మొహం ముందు ఆడించింది. రంగు పోయి తెల్లబడ్డ కాయని తాలుకాయ అంటారు. కల్లంలో ఆరబోసిన కాయల్లోంచి దాన్ని ఏరి వేరే పెట్టాలి. కబుర్లు చెప్పుకుంటూ ఎవరైనా చేసే పనే అది. నేను మాత్రం ఆ రోజు పొద్దుటి నుంచీ ఎర్రకాయనీ తాలునీ ఒకే కుప్పలో వేస్తున్నాను.

"ఎండకి సరిగా ఆనటం లేదత్తా," అన్నాను.

"ఎండ నీ ఒక్కదానికేనా కొట్టేది?" అంటూనే అత్త తన తలమీది తువ్వాలు తీసి నా నెత్తిన పడేసింది.

అది ఎనభై ఆరో సంవత్సరం, మార్చి నెల. చిలకలూరిపేట నుంచి మార్టూరు పోయే రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది మా ఊరు. కౌలుకి తీసుకున్న చేలో మిరప వేశాం. ఆ ఏడు కాయ విరగకాసింది. మా ఆయన మార్కు, పేటలో పత్తిబేళ్ళు ఎత్తుకుని కోయంబత్తూరు పోయే లారీకి డ్రైవరు. ఇల్లు వదిలాడంటే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఇంట్లో నేనూ, అత్తా. నాకు ఎనిమిదో నెల, తొలిచూలు. పురిటికి పుట్టింటికి పోవలసినదాన్నే. అమ్మ లేదు. తాడేపల్లిలో అన్నావదినల దగ్గరికి పోవటానికి నాకే మనసొప్పలేదు.

అత్తకి గొంతు పెద్దది. ఆవిడ గుసగుసలాడినా తమ మేకలు బెదురుతాయని పక్కింటి జానీబీ నవ్వుతుండేది. ఆ గొంతుతో ఆవిడ నాతో పని మాటలే మాట్లాడేది. నీళ్ళు పెట్టావా, పొయ్యి ఆర్పావా, తలుపేశావా. నేను పదో తరగతి పాసయ్యాను. ఆవిడకి అక్షరం రాదు. నా చదువంటే ఆవిడకి గౌరవమో చిరాకో నాకెప్పుడూ తేలేది కాదు.

కాళ్ళకి నీరు దిగింది. కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలేనన్నారు చుట్టుపక్కల ఆడవాళ్ళు. తర్వాత చేతులు కూడా ఉబ్బి, గాజులు ముంజేతికి పట్టుకుపోయాయి. పొద్దున లేస్తూనే కనుబొమల పైన తల నొప్పెట్టేది. పట్టపగలు కళ్ళ ముందు మిణుగురు పురుగులు ఎగిరినట్టుండేది. అయితే కోతల్లో ఊరంతటికీ కళ్ళు మండుతూనే ఉంటాయి, ఊరంతా తుమ్ముతూనే ఉంటుంది. నా కళ్ళు వేరే అని ఎవరనుకుంటారు? నేనే అనుకోలేదు. జానీబీ నందివర్ధనం పూలు తెచ్చి రెప్పల మీద పెట్టింది. చల్లగా హాయిగా ఉంది. మా ఊళ్ళో వైద్యం చేసే గురునాథం గారు కంట్లో వేసుకోవటానికి చుక్కల మందిచ్చారు.

"మిరప ఘాటమ్మా. రెండ్రోజులు కల్లంలోకి పోమాక," అన్నారు.

కల్లంలోకి పోకుండా ఎలా? చేనంతా ఎర్రగా ఉంది. కోసిన కాయ కోసినట్టు నేలమీద పరుచుకుని ఉంది.

ఆదివారం ప్రభువు గుడికి వెళ్ళాం. పాటల పుస్తకం నా చేతిలో ఉంది. అత్తకి చదవటం రాదు కాబట్టి ప్రతి ఆదివారం నా పక్కనే నిలబడి, నేను పాడే మాట విని ఒక్క క్షణం వెనకగా అందుకునేది. ఆ రోజు పుస్తకం తెరిస్తే లైనులో మొదటి మాటా, చివరి మాటా కనపడుతున్నాయి. మధ్యలో మాట లేదు. ఎవరో తడి వేలితో తుడిచినట్టుంది. పుస్తకం దగ్గరగా పెట్టుకున్నాను. దూరంగా పెట్టుకున్నాను. తుడిచిన చోటు నా చూపుతోపాటే కదులుతోంది. నోటికి వచ్చిన పాటే కాబట్టి పాడేశాను. అత్త నా వెనకాలే పాడింది.

బుధవారం మధ్యాహ్నం పడమట మబ్బు లేచింది. అకాల వాన. కల్లాల్లో ఉన్నవాళ్ళంతా కేకలు పెట్టుకుంటూ కాయ కప్పటానికి పట్టలు లాగుతున్నారు. ఎండిన కాయ మీద వాన పడితే రంగు చచ్చి, బూజు పడుతుంది. ఏడాది కష్టం ఒక్క జల్లుకి నల్లబడుతుంది. అత్త పట్ట ఒక చెంగు పట్టుకుని, "రెండో చెంగు పట్టుకో దేవా!" అని అరిచింది. నా పేరు దేవకుమారి. హడావుడిలో మాత్రమే ఆవిడ నన్ను దేవా అనేది.

నేను లేచి నిలబడ్డాను. లోకమంతా ముసురు కమ్మినట్టయింది.

"అప్పుడే ఎంత చీకటి పడింది అత్తా," అన్నాను.

అత్త ఆగిపోయింది. "చీకటేందే? మబ్బు ఇంకా కాలవ అవతలే ఉంది. ఎండ కాస్తంటే."

నేను ఆవిడ గొంతు వచ్చిన వైపు చూశాను. ఎర్ర చీర అంచూ, చెయ్యీ, తల పైన ముడీ తెలుస్తున్నాయి.

"ఇట్టా చూడు. నా మొహం కనపడతందా?"

"చుట్టూతా కనపడతన్నావు. మధ్యలో లేవు."

"తలనొప్పుందా?"

"ఉంది."

"రొమ్ముల కింద, ఇక్కడ, పట్టేసినట్టుందా?" దగ్గరికొచ్చి నా డొక్కల మధ్య చెయ్యి పెట్టింది.

"పొద్దుటి నుంచీ. తిన్నది అరగలేదనుకున్నా."

పట్ట చెంగు కింద పడిన చప్పుడు వినపడింది. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, కాయ..."

"నడువు," అంది. ఆ మాట ఆవిడ ఎంత మెల్లగా అందంటే, నాకు మొదటిసారి భయం వేసింది.

వెనక్కి తిరిగి చూసినా నాకేమీ కనపడేది కాదు. ఆవిడకి కనపడుతుంది. మా కాయంతా పట్ట లేకుండా ఆరుబయట ఉంది. ఆవిడ తిరగలేదు. దారిలో ఎవరో "రెబ్కా, ఎటే? వాన ముంచుకొస్తంటే!" అని అరిచినా ఆగలేదు.

గురునాథం గారు నా జబ్బకి పట్టీ చుట్టి గాలి కొట్టారు. మళ్ళీ వదిలి మళ్ళీ కొట్టారు.

"రెబ్కమ్మా, బస్సు కోసం చూడమాక. పేట కూడా వద్దు, సూటిగా గుంటూరు పెద్దాసుపత్రికి పో. బీపీ బాగా ఎక్కువుంది. దాని మూలాన్నే కళ్ళు ఇట్టయినయ్. నేను ఘాటనుకున్నా." ఆ మాట అంటూనే ఆయన చెప్పులేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తారు.

గుంటూరు యార్డుకి మిరప బస్తాలు ఎత్తుకున్న లారీ ఒకటి రోడ్డు మీద ఉంది. డ్రైవరు ఇమాం హుస్సేన్. మార్కుని ఎరిగినవాడే. నన్ను ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టారు. అత్త నా వెనక ఒరిగి, నా తల తన గుండెకి ఆనించుకుంది. పేట దాటకముందే అద్దం మీద వాన పడటం మొదలైంది. మొదట టపటపమని, తర్వాత కుండపోతగా. లారీలో అందరం ఆ చప్పుడు విన్నాం. ఎవరూ కాయ మాట ఎత్తలేదు.

ఇమాం హుస్సేన్ దారి పొడుగునా నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. "అమ్మాయ్, గుంట వస్తంది, గట్టిగా పట్టుకో." "అమ్మాయ్, ఇది వంతెన, కొద్దిగా ఎగిరిద్ది." నాకు కనపడదని ఎవరూ చెప్పకుండానే అతనికి అర్థమైంది. తల పగిలిపోతున్న ఆ దారిలో, రాబోయే కుదుపు ముందుగా తెలియటం ఎంత సుఖమో ఆ రోజే తెలిసింది.

పెద్దాసుపత్రిలో నన్ను చూసింది జ్ఞానప్రసూనాంబ గారనే డాక్టరమ్మ. ఆవిడ మొహం నేను అప్పుడు చూడలేదు. చల్లటి వేళ్ళూ, తొందర లేని గొంతూ, అంతే. మూత్రం గాజుగొట్టంలో పోసి కాచి చూశారు. పాలు విరిగినట్టు విరిగిందని నర్సు చెప్పటం వినపడింది.

"గుర్రపువాతం అంటారు మీ వైపు. విన్నారా?" అని అత్తనడిగింది డాక్టరమ్మ.

"విన్నానమ్మా."

"అది రాబోయే ముందు లక్షణాలివి. ఇంకా ఫిట్స్ రాలేదు, అదృష్టం. వచ్చే లోపలే ఆపాలి."

తుంటికి రెండు పక్కలా ఇంజెక్షన్లు పొడిచారు. ఒళ్ళంతా వేడి పాకింది, మిరపకాయ నూరి రాసినట్టు. తర్వాత కళ్ళ డాక్టరు రామచంద్రమూర్తి గారు వచ్చారు. నా కంట్లోకి దీపం వేసి, ఊపిరి నా బుగ్గకి తగిలేంత దగ్గరగా వంగి, చాలాసేపు చూశారు. రెండో కన్నూ చూశారు.

"అమ్మా, నువ్వు చదువుకున్నావా?"

"పదో తరగతండి."

"అయితే విను. కంటి వెనక ఒక పొర ఉంటుంది. మనం చూసే బొమ్మ దానిమీద పడుతుంది. వానాకాలం గోడకి చెమ్మ పట్టి సున్నం ఉబ్బుతుంది చూశావా? నీకు రక్తపోటు పెరిగి ఆ పొర వెనక నీరు ఊరింది. పొర ఉబ్బింది. రెండు కళ్ళకీ."

"మళ్ళీ కనపడుద్దా అండీ?"

"దీనికి కంట్లో వేసే మందు లేదు. కాన్పే మందు. బిడ్డ బయటికొచ్చి, బీపీ దిగితే నీరు దానంతటదే ఇంకిపోతుంది. చాలామందికి చూపు వచ్చేస్తుంది." ఆయన దీపం ఆర్పారు. "అందరికీ అని చెప్పలేను."

వాళ్ళు పక్కకి వెళ్ళి మాట్లాడుకున్నారు. చూపు పోయినవాళ్ళకి చెవులు పెరుగుతాయని జనం అనుకోరు కాబోలు. ప్రతి మాటా వినపడింది. నొప్పులు తెప్పించి ఇప్పుడే కాన్పు చెయ్యాలి. నెలలు నిండని బిడ్డ, బరువు తక్కువ. నిలవవచ్చు, నిలవకపోవచ్చు. ఆగితే బిడ్డకి మేలు, తల్లికి ప్రమాదం. భర్త ఎక్కడున్నాడు?

"రోడ్డు మీదున్నాడు. నేనున్నాగా," అంది అత్త. "బిడ్డ సంగతి ప్రభువు చూసుకుంటాడు. మీరు దీన్ని చూడండమ్మా. వేలిముద్ర యాడ వెయ్యాలో చూపించండి."

"ఆలోచించుకోండి. తొలి మనవడో మనవరాలో..."

"నా కూతురు ఎస్తేరు కూడా దీపం చుట్టూ రంగులు కనపడతన్నయ్ అనింది. నేను పొయ్యి పొగ అనుకున్నా." అత్త గొంతు ఎత్తలేదు, తగ్గించలేదు. "ఆలోచించేదేం లేదమ్మా. చెయ్యండి."

మార్కుకి ఒక అక్క ఉండేదనీ, తొలికాన్పులో పోయిందనీ నాకు తెలుసు. ఎలా పోయిందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నొప్పులకి సెలైన్ పెట్టారు. ఫిట్స్ రాకుండా ఆ గదిలో చప్పుడు చెయ్యకూడదు, వెలుతురు పడకూడదు. "ఏమ్మా, మెల్లగా మాట్లాడు, ఇది కల్లం కాదు," అని నర్సు అత్తని కసిరింది. అప్పటి నుంచీ అత్త నా చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడటం నేర్చుకుంది. మెల్లగా మాట్లాడటం చేతకాక సగం గాలి, సగం మాట వచ్చేది. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది.

మర్నాడు కాన్పయింది. ఏడుపు వినపడింది. పిల్లికూన ఏడ్చినంతే. ఆడపిల్ల అన్నారు. నా మీద ఒక్క క్షణం పెట్టి, తడిగా వెచ్చగా ఏదో తగిలే లోపలే తీసుకుపోయారు. నేను తల తిప్పి చూశాను. చూడటానికేమీ లేదు. పూర్తి చీకటి కాదది. మురికినీళ్ళలో మునిగి కళ్ళు తెరిచినట్టు ఒక మసక. దాన్లోంచి నా కూతురు వెళ్ళిపోయింది.

పిల్లని వేరే గదిలో, దూదిలో చుట్టి, బల్బుల వెచ్చదనంలో పెట్టారు. ఫిట్స్ రాలేదు. రక్తపోటు మెల్లగా దిగటం మొదలైంది. అత్త నా మంచానికీ ఆ గదికీ మధ్య తిరుగుతూ ఉండేది.

"పిల్ల ఎట్టుందత్తా?"

"అబద్ధం చెప్పమంటావా, నిజం చెప్పమంటావా?"

"నిజమే చెప్పు."

"తోలు తీసిన ఉడత మాదిరి ఉంది." నా చెయ్యి బిగుసుకోవటం చూసి గబగబా అంది, "గోళ్ళు మటుకు ఉన్నయ్యే. నేను చూశా. పదివేళ్ళకీ ఉన్నయ్. గోళ్ళొచ్చిన పిల్ల బతుకుద్ది."

రామచంద్రమూర్తి గారు రోజూ వచ్చేవారు. "ఎన్ని వేళ్ళమ్మా?" అని అడిగేవారు. వేళ్ళు కాదు గదా, చెయ్యి కూడా లేదు. గాలి మాత్రం కదిలేది. "పరవాలేదు, ఇంకా టైముంది," అనేవారు. ఆ "పరవాలేదు"లో రోజురోజుకీ ఏదో తగ్గుతోందని నాకనిపించేది. నిజంగా తగ్గిందో లేదో తెలియదు. భయపడే మనిషి గొంతుల్లో అన్నీ వెతుక్కుంటుంది.

ఒక మధ్యాహ్నం అత్త నాకు అన్నం కలిపి పెడుతోంది. పప్పూ అన్నం, ఉప్పు లేకుండా. ముద్ద నోట్లో ఉండగానే అడిగేశాను.

"చూపు రాకపోతే ఏం చెయ్యాలత్తా?"

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. లేదా దేవుణ్ణి నమ్ముకో అంటుందనుకున్నాను.

"రాకపోతే నా కళ్ళున్నయ్ గా," అంది. "నేను చూసి చెప్తా, నువ్వు పెంచు. ముందు ముద్ద మింగు."

మింగాను. ఆ రోజు చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

మార్కు ఆ తర్వాతే వచ్చాడు. పేట లారీ ఆఫీసుకి గురునాథం గారు కబురు పెడితే, వాళ్ళు కోయంబత్తూరుకి ట్రంకుకాల్ చేశారట. నా మంచం పక్క ఎవరో వచ్చి నిలబడ్డారు. మాట్లాడరు, కదలరు.

"ఎవరు?" అన్నాను.

ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఎవరూ అంటే చెప్పరేం?"

"నేనే," అన్నాడు. ఆయన గొంతు ఎడమపక్క నుంచి వచ్చింది. నేను అంతసేపూ కుడిపక్కకి చూస్తూ అడుగుతున్నాను. అదే ఆయన్ని మాట్లాడనివ్వలేదు.

అత్త లేచి ఆయన వీపు మీద ఒక్కటి వేసింది. "ఏరా, వచ్చింది ఏడవటానికా? పిల్లని చూసి రాపో. నీ మాదిరే ముక్కు లేకుండా పుట్టింది."

వాన సంగతి ఆయన చెప్పాడు. మేము పట్ట వదిలేసి పోవటం చూసి జానీబీ, ఆమె మొగుడు మాబు పరుగెత్తుకొచ్చి మా కాయ కుప్పచేసి కప్పారట. అది కప్పి తమ కల్లంలోకి పోయే లోపల వాన అందుకుంది. వాళ్ళ కాయ తడిసింది.

"ఎంత తడిసింది?" అని అత్త అడిగింది.

"ఓ పక్కంతా. బూజు పడ్డది తీసేస్తే మిగతాది పనికొస్తదంటన్నారు."

"నువ్వు ఊరు పో," అంది అత్త. "దీని దగ్గర నేనుంటా. నువ్వు పోయి వాళ్ళ కాయ ఏరి పెట్టు. మనది తర్వాత."

మార్కు పిల్లని చూసొచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి, ఆ సాయంత్రమే ఊరెళ్ళాడు. ఆ ఏడు మళ్ళీ కోయంబత్తూరు లారీ ఎక్కలేదు.

ఎన్ని రోజులు గడిచాయో నాకు లెక్క లేదు. వార్డులో పక్క మంచాల మీద మనుషులు మారారు. ఒక పొద్దున కళ్ళు తెరిస్తే పైన ఏదో నల్లగా ఉంది. చాలాసేపు దానివైపే చూస్తూ పడుకున్నాను. అది ఫ్యాను. తిరగటం లేదు, కరెంటు పోయింది. మూడు రెక్కలు. ఒక రెక్క వంకరగా ఉంది. కిటికీ వైపు తిరిగితే ఊచలన్నీ వంకరలే, నీళ్ళలో ఉన్నట్టు మెలికలు తిరిగి ఉన్నాయి. కల అనుకున్నాను. ఎవరికైనా చెబితే పోతుందేమోనని నోరు మెదపలేదు.

మంచం పక్క నేలమీద పసుపుపచ్చగా గుండ్రంగా ఒకటి తిరుగుతోంది. బత్తాయి. దాన్ని పట్టుకుని రెండు చేతులు తొక్క తీస్తున్నాయి. చేతుల మీదుగా మెల్లగా పైకి చూశాను. ఎర్ర చీర. దానిమీద కారం మరకలు, ఉతికినా పోనివి. కల్లంలో పట్ట లాగుతున్నప్పుడు కట్టుకున్న చీరే. భుజం దగ్గర చిరుగు.

"అత్తా," అన్నాను, "ఇన్ని రోజులూ ఈ చీరే కట్టుకుంటన్నావా?"

"మరి యాడుందే ఇంకోటి? కట్టుగుడ్డలతోటి వస్తిమి, రోజూ తెల్లారుజామునే ఉతుక్కుని..."

తొక్క తీస్తున్న చేతులు ఆగిపోయాయి.

ఆవిడ మెల్లగా మొహం ఎత్తింది. మసకగా, ఒక పక్కకి లాగినట్టుగా, అయినా మొహమే. మధ్యలో ఖాళీ లేదు. ఎముకలు తేలిన బుగ్గలు, దువ్వని నెరిసిన జుట్టు, నోరు తెరుచుకుని ఉంది. లేచి, "నర్సమ్మా!" అని వార్డంతా దద్దరిల్లేలా అరిచింది. ఎవరూ కసరలేదు.

రామచంద్రమూర్తి గారు దీపం వేసి చూశారు. ఈసారి మాట్లాడే ముందే నవ్వారు. ఆయనకి పెద్ద మీసాలున్నాయని అప్పుడే తెలిసింది. "నీరు ఇంకుతోందమ్మా. పొర సర్దుకుంటోంది. ఈ వంకరలు కూడా పోతాయి, కంగారుపడొద్దు," అన్నారు.

ఆ సాయంత్రం పిల్లని తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. నేను ఏమేమో ఊహించుకున్నాను. ఏడుస్తాననీ, ముద్దులు పెట్టేస్తాననీ. అదేమీ కాలేదు. కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ ఉండిపోయాను. నుదుటి మీద ముడతలు, ముసలమ్మలా. బొటనవేలు నోటికి అందక గాల్లో వెతుకుతోంది. నల్లటి కళ్ళు తెరిచి అదీ నావైపే చూసింది.

"ఉడతలా లేదే అత్తా," అన్నాను.

"ఇప్పుడు కాస్త కండ పట్టిందిలే," అంది అత్త తప్పు తనదేనన్నట్టు. అప్పుడొచ్చింది ఏడుపు, ఇద్దరికీ ఒక్కసారే.

ఆసుపత్రి వదిలేముందు డాక్టరమ్మ జ్ఞానప్రసూనాంబ గారు గట్టిగా చెప్పారు: ఇంకో కాన్పంటూ వస్తే మొదటి నెలల నుంచే బీపీ చూపించుకోవాలి, కాళ్ళూ చేతులూ ఉబ్బినా, తల నొప్పెట్టినా, కళ్ళ ముందు మెరుపులు కనపడినా ఆ రోజే రావాలి. "ఎండనీ, పొగనీ, ఘాటనీ అనుకోవద్దు," అన్నారు. అత్త ఆ మాటలు మనసులోనే వల్లె వేసుకోవటం ఆవిడ పెదవులు చూసి తెలుసుకున్నాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మా వీధిలో ఏ అమ్మాయి నీళ్ళోసుకున్నా ఆవిడే చెయ్యి పట్టుకుని గురునాథం గారి దగ్గరికి తీసుకుపోయేది. రానని మొరాయిస్తే ఆ గొంతు ఉండనే ఉంది.

బస్సులో ఊరికి బయల్దేరాం. అప్పటికి ఎండలు ముదిరాయి. పిల్ల అత్త ఒళ్ళో పాత నేత చీర మడతల్లో నిద్రపోతోంది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. గుంటూరు దాటుతుండగా ఒక గోడ మీద పెద్ద అక్షరాలు కనపడ్డాయి. ప్రయత్నించకుండానే చదివేశాను, పైకే.

"ఇచ్చట పురుగుమందులు అమ్మబడును."

అత్త నావైపు చూసింది. నేను ఆపలేకపోయాను. తర్వాతి గోడ, తర్వాతి బోర్డు. ప్రత్తి కొనబడును. టైర్లకు గాలి పట్టబడును. ముందుపోయే లారీ వెనక, దయచేసి హారన్ కొట్టుము. మాట మధ్యలో ఎక్కడా చెరిగిపోలేదు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అన్నీ ఉన్నాయి. రంగు వెలిసిన పాత ఎన్నికల గోడరాతలు కూడా వదల్లేదు. ఒకచోట బస్సు ఆగితే ఎదురుగా ఉన్నదాన్ని అదే ఊపులో గట్టిగా చదివేశాను.

"ఇచ్చట మూత్రము పోయరాదు!"

బస్సంతా గొల్లున నవ్వింది. కండక్టరు కూడా నవ్వాడు.

"సిగ్గులేదా నీకు? నోరు మూసుకుని కూచో, పిల్ల లేస్తది," అంది అత్త.

మూసుకున్నాను. బస్సు కదిలింది. పేట దగ్గరపడుతోంది. పత్తి మిల్లుల పొడవాటి గోడలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. వాటి మీద రాతలు నాలో నేనే చదువుకుంటున్నాను. కాసేపయ్యాక అత్త మోచేత్తో నన్ను పొడిచింది. పిల్ల మీదుగా వంగి, కిటికీలోంచి వేలు చాపింది.

"ఆ పెద్దది ఉందే, ఎర్రరంగుతోటి రాసింది," అంది, "ఏమనుంది దాని మీద? పైకి చదువు."